ఏగిస దూలానికి టేకు తొడుగు

ఇదిగో అల్లుడుగారూ, గోడకు చేరబడి, అన్నీ తెలిసినవాడిలా గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నంత మాత్రాన కథ పట్టుబడదు. కిందటిసారి ఏమైందో మరిచిపోయారా? సన్యాసి వేషంలో ఉన్నది రాకుమారి అని మా అక్క మనవరాలు, ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల, మొదట్లోనే కనిపెట్టేసింది. తమరు మాత్రం ఆవిడ జడ విప్పేదాకా ఆ సన్యాసికి దణ్ణాలు పెడుతూ కూర్చున్నారు. అందుకని ఈసారి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మామయ్య మోసం చేశాడని ఊరంతా చెప్పుకు తిరగొద్దు. ఈ కథలో ఒక దూలం ఉంది. కళ్లు దాని మీదే ఉంచండి. మెడ నొప్పి పుట్టినా సరే, పైకే చూస్తూ ఉండండి.

మణిధరుడు ధూమ్రగిరి కోట గుమ్మం దాటేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మొసళ్ల వాగులో తెప్ప బోల్తాపడి, ఊపిరి పీల్చే ఇసుకదిబ్బల్లో ఒక చెప్పు పోగొట్టుకుని, ఎలాగో ప్రాణాలతో చేరాడు. భుజాన బాడిసె, చంకలో ఉలుల సంచి, చెవి మీద సుద్దముక్క. వెనకాలే రెండు బారల రంపం మోసుకుంటూ నాగోజు. చూసినవాళ్లెవరైనా పనికోసం వచ్చిన వడ్రంగులే అనుకుంటారు. అనుకోవాలనే ఆ వేషం.

ఇరవై రెండేళ్ల కిందట ఈ కోటలో నెత్తురు పారింది. రాజు జయధరుణ్ణి దాయాది ఉద్దండవర్మ నిద్రలో పొడిచి చంపాడు. రాణి రత్నాంబను నేలమాళిగలో పడేశాడు. ఊయలలో ఉన్న మూడు నెలల యువరాజును ముసలి మంత్రి సుశర్మ చెక్కపొట్టు గంపలో దాచి బయటికి తెచ్చాడు. మొసళ్ల వాగు అవతల వడ్రంగి బద్దోజు ఇంట్లో ఒక పగలంతా తలదాచుకున్నాడు. బద్దోజు ఇంట్లోనూ అప్పుడు ఒక చంటిబిడ్డ ఉండటంతో, ఏడుపు వినపడినా భటులకు అనుమానం రాలేదు. పొద్దువాలాక మంత్రి చంటివాణ్ణి ఎత్తుకుని అడవిలో పడ్డాడు. ఆ అడవిలో మణిధరుడు కత్తిసామూ గుర్రపుస్వారీ నేర్చుకుంటూ పెరిగాడు. రోజూ పొద్దున్నే గంజి తాగేముందు సుశర్మ అతనికి చెప్పే మాట ఒక్కటే: నువ్వు రాజు కొడుకువి, మీ అమ్మ నేలమాళిగలో నీకోసం ఎదురుచూస్తోంది.

మూడు నెలల కిందట కోట నుంచి చాటింపు వచ్చింది. సభామండపంలో ఒక దూలానికి టేకు తొడుగు వేయాలి, పనివాళ్లు కావాలి. లోపలికి పోవడానికి ఇంతకంటే మంచి దారి దొరకదని సుశర్మ అతన్ని బద్దోజు దగ్గరికి పంపాడు. మూడు నెలల్లో పని నేర్చుకుని, బద్దోజు కొడుకు నాగోజును వెంటబెట్టుకుని, ఇదిగో ఇలా వచ్చాడు.

ఇక ఆ సభామండపం. అరవై నాలుగు స్తంభాలు, స్తంభానికొక సింహం, సింహం నోట్లో గుండ్రంగా తిరిగే రాతిగుండు. నేల మీద నీలిరాయి ఎంత నున్నగా పరిచారంటే, కొత్తగా వచ్చినవాళ్లు నీళ్లనుకుని పంచె పైకెత్తి అడుగేసేవాళ్లు. కప్పు నిండా పచ్చల రెక్కల చిలకలు, పగడాల ముక్కులు, వెండి తీగెల గూళ్లు. వాటన్నిటి మధ్య, సింహాసనం నెత్తిమీదుగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లటి మోటు దూలం ఒకటి. చిత్రిక పట్టలేదు, మెరుగు పెట్టలేదు. పెళ్లివారి మధ్య బురదతో వచ్చి పడుకున్న దున్నపోతులా ఉంది.

అది ఏగిస దూలం. ఏగిస చెట్టును నరికితే నెత్తురులాంటి బంక కారుతుందని అడవి తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఈ దూలం మాత్రం కోసి మూడు వందల ఏళ్లయినా ఇంకా కారుతూనే ఉంది. ఊరికే కారదు. దాని కింద నిలబడి ఎవరైనా లేనిది ఉన్నట్టు చెబితే, సరిగ్గా వాడి నెత్తిన ఒక ఎర్రబొట్టు పడుతుంది. తెలిసి చెప్పాడా, తెలియక చెప్పాడా అన్నది దానికి పట్టదు. ఒకసారి వంటవాడొకడు కూరలో ఉప్పు వేశానని ఒట్టు పెట్టుకుని మరీ చెప్పాడు. నెత్తిన బొట్టు పడింది. రుచి చూస్తే నోరు పిడచకట్టుకుపోయింది. పాపం, ఉప్పనుకుని పటికపొడి వేశాడు.

ఉద్దండవర్మ పీకకు చుట్టుకున్నది ఈ దూలమే. ధూమ్రగిరి కిరీటం పద్దెనిమిది ఊళ్ల పెద్దల చేతిలో ఉంటుంది. వాళ్లు దూలం కింద నిలబెట్టి మూడు ప్రశ్నలు అడుగుతారు. నెత్తి పొడిగా ఉంటేనే కిరీటం పెడతారు. అందుకే ఇరవై రెండేళ్లుగా ఉద్దండవర్మ సింహాసనం మీద కూర్చున్నాడే గాని నెత్తిన కిరీటం లేదు. దూలం కొట్టించేద్దామంటే కప్పంతా దాని మీదే ఉంది. మంత్రాలు దాని మీద పారలేదు. చివరికి అతని మాంత్రికుడు గంధకనాథుడికి ఒక ఆలోచన వచ్చింది. ఆచారం ప్రకారం దూలం కింద నిలబడాలి, అంతే. దూలానికి తొడుగు ఉండకూడదని ఎక్కడా లేదు. కిరీటం పెట్టుకున్న మరుక్షణం రాణి రత్నాంబను తనకు బలి ఇవ్వాలన్నది గంధకనాథుడు అడిగిన కూలి. ముహూర్తం ఇంక పది రోజులుంది.

మండపంలో అడుగుపెట్టగానే మణిధరుడికి మొదట కనిపించింది ఎర్ర తలపాగాలు. రాజు నుంచి వింజామర వీచేవాడి దాకా అందరివీ ఎరుపే. ఎందుకో అతనికి అర్థమయ్యేలోపే రెండు ఈటెలు అతని వీపుకు ఆనాయి. గంధకనాథుడు ఎదురొచ్చాడు. నోరు తెరిస్తే పసుప్పచ్చటి పొగ, భుజం మీద మేకపిల్లంత ఉడుము. దాని పేరు జిగురు. అది నాలుక చాపి మణిధరుడి చెమట రుచి చూసి మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఎవడివిరా నువ్వు?" అన్నాడు గంధకనాథుడు. "జరుగు, సరిగ్గా దాని కింద నిలబడి చెప్పు."

ఈ ప్రశ్న వస్తుందని సుశర్మ చెప్పలేదు. నిజం చెబితే ఈటెలు, అబద్ధం చెబితే బొట్టు, ఆ తర్వాత మళ్లీ ఈటెలే.

"వడ్రంగిని సామీ. బద్దోజు కొడుకుని."

కళ్లు మూసుకున్నాడు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు గడిచింది. నెత్తిన ఏమీ పడలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. గంధకనాథుడు పైకి చూస్తున్నాడు, ఉడుము పైకి చూస్తోంది, దూలం మాత్రం పొడిగా ఉంది. మణిధరుడి ఒళ్లు పులకరించింది. మూడు వందల ఏళ్ల దూలం తన వంశపు బిడ్డను గుర్తుపట్టి, అతని కోసం అబద్ధాన్ని దిగమింగింది. ఇంకేం కావాలి?

గంధకనాథుడు నాగోజు వైపు తిరిగాడు. వీడెవడని అడిగాడు. నాగోజు నోరు విప్పలేదు. సభలోకి అడుగుపెట్టాక పీక మీద కత్తి పెట్టినా మాట్లాడొద్దని బయల్దేరేముందు బద్దోజు అతని చేత ఒట్టు వేయించుకున్నాడు. మణిధరుడు తెలివిగా, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా, వీడు రంపానికి అవతలి కొస పట్టుకుంటాడనీ, సభలో నోరు తెరవడనీ చెప్పాడు. రెండూ నిజమే. దూలం పొడిగానే ఉంది.

అప్పుడు సింహాసనం మీద నుంచి ఉద్దండవర్మ గొంతు సవరించుకున్నాడు. మీసాలు రెండు నల్లటి కొడవళ్లలా ఉన్నాయి. ఈ దూలమంటే తనకేమీ భయం లేదని, సభ అందంగా ఉండాలని కప్పిస్తున్నానని చెప్పాడు. టప్పున ఒక చుక్క అతని తలపాగా మధ్యలో పడింది. ఎర్ర గుడ్డలో కలిసిపోయింది. సభలో ఒక్కరు కూడా పైకి చూడలేదు. అలవాటు.

ఎర్ర తలపాగాలు ఎందుకో మణిధరుడికి అప్పుడు తెలిసింది.

పని ఒప్పందం గంధకనాథుడు పొగ వదులుతూ చెప్పాడు. టేకు పలకలు ముఖం కనిపించేంత నున్నగా ఉండాలి. సందు అన్న మాట ఉండకూడదు. "ముహూర్తం నాడు ఒక్క చుక్క కింద పడిందా, నీ పది వేళ్లూ మా జిగురుకి. మిగతాది నాకు" అన్నాడు.

మణిధరుడు నేలవైపు చూశాడు. దూలం కింద ఒక ముసలి దాసి గుడ్డ పెట్టి నేల తుడుస్తోంది. తుడిచి బకెట్లో పిండింది. బకెట్ నిండా ఎర్రటి నీళ్లు. పొద్దున్నించి మూడోదట అది. అదిగో, ఆ బకెట్ చూడగానే అతని బుర్రలో మెరుపు మెరిసింది. చుక్క కింద పడకూడదన్నారు. ఊరకూడదని అనలేదు. దూలానికి సందు లేకుండా తొడుగు వేయడమంటే, కప్పుకు ఒక తొట్టి వేలాడదీయడమే. ఈ సభలో రోజుకు ఎన్ని బకెట్ల అబద్ధాలు! ముహూర్తం నాటికి నిండదూ?

మర్నాటి నుంచి పని మొదలైంది. మూడు పలకల తొడుగు. దూలానికి రెండు పక్కలా రెండు, అడుగున ఒకటి. పలక పలకలో దిగేట్టు గాడి తియ్యాలి, గాడిలో కాగిన లక్క పొయ్యాలి, పైన నల్లతుమ్మ చీలలు బిగించాలి. మణిధరుడు అడుగు పలకకు ఎవరి కంటికీ ఆననంత వాటం పెట్టాడు. లోపల ఏది ఊరినా మెల్లగా సింహాసనం వైపు కొసకు చేరుతుంది. ఆ కొసన మాత్రం నల్లతుమ్మకు బదులు ఆరు బూరుగు చీలలు చెక్కి, మసి పూసి ఆరబెట్టాడు. బూరుగు కర్ర ఎంత మెత్తనో తెలుసుగా. నీళ్లలో నాలుగు రోజులు నానితే వేలితో నలిపేయొచ్చు.

మండపం బయట పందిట్లో పలకలు కోసేటప్పుడు, రంపం చప్పుడు చాటున నాగోజు సణిగేవాడు. సభలో మూసుకున్న నోటికి అక్కడ వడ్డీతో సహా తీర్చుకునేవాడు.

"మూడు నెలల కింద బాడిసె ఏ పక్క పట్టుకోవాలో తెలవదు నీకు. ఇప్పుడు నీ పలక తడిమి మా నాయన నవ్వుతాడు. నా పలక తడిమి లోపలికి పోయి పడుకుంటాడు. ఇరవై రెండేండ్లు ఆ ఇంట్లో తిన్నోణ్ణి నేను."

"నీ పలక తడిమితే అరచేతిలో పేళ్లు దిగుతాయి నాగన్నా. పడుకోక ఏం చేస్తాడు?"

"నవ్వు, నవ్వు. రాజు బిడ్డవు, పుట్టుకతోనే అన్నీ వచ్చుంటాయి నీకు."

మణిధరుడు కాదనలేదు. తనకూ అదే అనిపించేది. ఉలి పట్టుకుంటే చెయ్యి దానంతటదే నడుస్తుంది. చెక్క వాసన పీలిస్తే ఆకలి మరిచిపోతాడు. సుశర్మ నేర్పిన కత్తిసాము మాత్రం ఎంత చేసినా అంతంతే. రాజరక్తం అంటే ఇంతేనేమో, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది అనుకున్నాడు.

నాగోజు సంగతి దీనికి తలకిందులు. చిత్రిక పడితే పలక మీద గుంటలు. సుత్తి ఎత్తితే బొటనవేలికి. ఒకరోజు కాపలా భటుడొకడు, పని నత్తనడక నడుస్తోందని ఈటె మడమతో అతని డొక్కలో పొడిచాడు. నాగోజు వెనక్కి తిరిగి, ఒక్క ఉదుటున ఆ ఈటె లాక్కుని, తిప్పి నిలువుగా నేలకు ఆనించి, ఇదిగో ఇలా పట్టుకోవాలి అన్నట్టు చూపించి తిరిగి ఇచ్చాడు. తలకాయ పోయిందనే అనుకున్నాడు మణిధరుడు. భటుడు మాత్రం ఏమీ అనకుండా, అలాగే నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు.

ఆరో రోజు మధ్యాహ్నం ఆఖరి పలక పైకి ఎక్కించారు. చుట్టూ తడికెలు కట్టిన వెదురు మంచె మీద, నేలకు ముప్పై అడుగుల ఎత్తున, మణిధరుడు వెల్లకిలా పడుకుని బూరుగు చీలలు బిగిస్తున్నాడు. కింద గంధకనాథుడు భుజం మీద నుంచి ఉడుమును దించి, పైకి పో అని సైగ చేశాడు. జిగురు స్తంభం ఎక్కి, చిలకల మీదుగా పాకి, దూలం మీదికి వచ్చింది. ఒక్కో చీలనూ నాలుకతో తాకి చూస్తూ ముందుకు జరిగింది. తుమ్మ, తుమ్మ, తుమ్మ. బూరుగు చీల దగ్గర ఆగింది. మసి నాకింది. తల తిప్పి మణిధరుడి కళ్లలోకి చూసింది. ఆ చీలను పళ్లతో పట్టుకుని లాగసాగింది.

మణిధరుడు దాని తోక పట్టుకున్నాడు. ఉడుము పట్టంటే మాటలా, దూలానికి కరుచుకుపోయింది. తోక విదిలిస్తే మంచె ఊగింది. వెదురు బొంగు ఒకటి విరిగి కింద రాయి మీద ఫెళ్లుమంది. మణిధరుడి ఒక కాలు గాల్లోకి జారింది. మూతికి చేరువలో గోళ్లు, చెవి దగ్గర బుస. ఇంకో బొంగు విరగబోయేసరికి నాగోజు అవతలి కొస నుంచి లక్క గరిటె విసిరాడు. చెక్కపనిలో గురి కుదరనివాడు గరిటె మాత్రం సూటిగా దాని ముక్కు మీద వేశాడు. వేడి తగిలి జిగురు పట్టు వదిలి, తొడుగు లోపలికి దూరింది. అది బయటికి తల పెట్టేలోపే మణిధరుడు ఆఖరి పలకను గాడిలోకి తోసి, మోకాలితో అదిమి, చీల దించేశాడు.

కిందికి దిగేసరికి గంధకనాథుడు నిలబడి ఉన్నాడు. ఉడుము ఏదిరా అన్నాడు. మణిధరుడు నిమ్మళంగా, చూడలేదు సామీ అన్నాడు. నెత్తిమీద తొడుగు లోపల ఎక్కడో చిన్నగా టప్పుమంది. కింద మాత్రం ఏమీ పడలేదు.

తొడుగు చూసి సభంతా ముచ్చటపడింది. తేనెరంగు టేకు, అద్దంలా మెరుగు, అంచుకు తీగె చెక్కడం. ఉద్దండవర్మ తన మీసాలు అందులో చూసుకున్నాడు. కానీ గంధకనాథుడికి నమ్మకం చిక్కలేదు. పరీక్ష పెట్టాలన్నాడు. మణిధరుణ్ణి కింద నిలబెట్టి, ఏదైనా ఒక అబద్ధం చెప్పమన్నాడు.

మణిధరుడికి లోపల నవ్వొచ్చింది. "నేను వడ్రంగిని" అన్నాడు.

సభ గొల్లుమంది. అబద్ధం చెప్పమంటే నిజం చెబుతాడేమిరా వీడు అని ఉద్దండవర్మ తొడ కొట్టుకుని నవ్వాడు. ఇంకోటి చెప్పమన్నాడు.

"మా ఏలిక ఉద్దండవర్మ ప్రభువు చీమకైనా హాని చెయ్యరు" అన్నాడు మణిధరుడు.

నవ్వులు ఆగిపోయాయి. ఇది అబద్ధమని ఎవరు అంటారు? నిజమని ఒప్పుకుంటే పరీక్ష జరిగినట్టు కాదు, అబద్ధమంటే తలకాయ ఉండదు. ఉద్దండవర్మ మీసం ఒకటి పైకి, ఒకటి కిందికి పోయింది. చివరికి చుక్క పడలేదు కాబట్టి పరీక్ష అయిపోయిందని గంధకనాథుడే పళ్లు నూరుతూ తేల్చేశాడు. తేల్చి, మణిధరుడి చెవిలో, ముహూర్తం నాడు నువ్వు సింహాసనానికి నాలుగడుగుల్లో నిలబడతావు, నా కత్తి నీ మెడకు బెత్తెడు దూరంలో ఉంటుంది అని చెప్పాడు. నాగోజును ఒక స్తంభానికి కట్టించాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ సభలో జరిగింది అంతా ఇంతా కాదు. దూలానికి భయపడి ఇన్నేళ్లూ ముక్తసరిగా మాట్లాడినవాళ్లకు ఒక్కసారిగా కట్లు తెగాయి. ఖజానాదారు తన చేతికి జిడ్డు అంటలేదన్నాడు. సేనాపతి తాను ఒంటిచేత్తో చంపిన పులుల సంఖ్య పొద్దున పది, సాయంత్రానికి నలభై. ఆస్థాన కవి ఉద్దండవర్మను చంద్రుడన్నాడు, సూర్యుడన్నాడు, మన్మథుడన్నాడు. మన్మథుడన్నప్పుడు తొడుగు లోపల ధారగా శబ్దం వచ్చింది. ఎర్ర తలపాగాలు తీసేసి పట్టు తలపాగాలు చుట్టుకున్నారు. ముసలి దాసికి పని లేకుండా పోయింది. పైన టేకు మాత్రం నిండు చూలాలిలా నడుము పట్టుకుని మూలుగుతోంది. అందరూ కొత్త కర్ర చప్పుడనుకున్నారు.

ముహూర్తం రోజు, మిట్టమధ్యాహ్నం. పద్దెనిమిది ఊళ్ల పెద్దలు వచ్చారు. వాళ్లందరికీ పెద్ద ఓబులమ్మ. తొంభై ఏళ్లు, వంగిన నడుము, చేతిలో కిరీటం ఉన్న గంప. తొడుగు వైపు ఒకసారి చూసి, దీన్ని ఎందుకు చుట్టారని అడిగింది. అందం కోసమని ఉద్దండవర్మ చెప్పాడు. పైన గుడగుడమంది. అతను తెల్లటి పంచె కట్టుకుని, నెత్తిన ఏమీ లేకుండా, సింహాసనం ముందు నిలబడ్డాడు. నేలమాళిగ తలుపు తీసి, రాణి రత్నాంబను సంకెళ్లతో మెట్ల మీదికి తెచ్చి నిలబెట్టారు. ఇరవై రెండేళ్లు ఎండ చూడని ఆ ముఖం చూసి మణిధరుడు ఒక అడుగు ముందుకు వేయబోయాడు. అతని మెడ మీద గంధకనాథుడి కత్తి చల్లగా తగిలింది.

"జయధరుణ్ణి నువ్వు చంపలేదా?" అని అడిగింది ఓబులమ్మ.

లేదన్నాడు. టేకు కిర్రుమంది. చుక్క పడలేదు.

"ఆయన భార్యను సొంత వదినలా చూసుకున్నావా?"

చూసుకున్నానన్నాడు. ఒక బూరుగు చీల ఊడి, సింహాసనం పక్కన చప్పుడు లేకుండా పడింది. గంధకనాథుడి చూపు దాని మీద పడింది. రెండు వేళ్లతో తీసి నలిపాడు. పిండిలా రాలింది. అతను నోరు తెరిచి అరవబోయాడు.

"ఈ సింహాసనం నీదేనా?"

"నాదే" అన్నాడు ఉద్దండవర్మ.

మిగిలిన అయిదు చీలలూ ఒక్కసారే ఊడాయి. అడుగు పలక నోరు తెరిచింది. నాలుగు రోజుల అబద్ధాలు, ఖజానాదారువి, సేనాపతివి, కవివి, అన్నీ కలిసి ఒక ఎర్రటి వెల్లువై ఉద్దండవర్మ నెత్తిన పడ్డాయి. దాంతో పాటే, నాలుగు రోజుల ఆకలి మీద ఉన్న జిగురు పడింది. పడటం పడటం అతని నెత్తిని నాలుగు కాళ్లతో కరుచుకుంది. కిరీటం పెట్టాల్సిన చోట ఉడుము. గంధకనాథుడు కత్తి వదిలేసి పెంపుడు ఉడుమును లాగుతున్నాడు, అది వదలటం లేదు, ఉద్దండవర్మ మీసాలతో సహా గోల పెడుతున్నాడు. పట్టు తలపాగాల వాళ్లంతా ఎర్రగా తడిసి ఒకరి మీద ఒకరు జారిపడుతున్నారు.

మణిధరుడు ఆ కత్తి అందుకుని, నాగోజు కట్లు తెంచి, ఒక్క గెంతులో సింహాసనం మెట్టెక్కాడు. పైన పలక లేదు, బోసి దూలం. వెనక్కి తగ్గమని ఓబులమ్మ భటులకు చెయ్యి చూపించింది. పద్దెనిమిది ఊళ్ల మాటకు ఈటెలు ఆగాయి. నువ్వెవరు నాయనా, ఈ పని చేసింది నువ్వేనా అని ఆమె అడిగింది. ఇరవై రెండేళ్లుగా ఈ ఒక్క ప్రశ్న కోసమే అతను గంజి తాగాడు. రొమ్ము విరుచుకున్నాడు.

"నేను యువరాజు మణిధరుణ్ణి. జయధరుడి కొడుకుని."

టప్.

నుదుటి మధ్యలో ఒక ఎర్రబొట్టు. అది ముక్కు మీదుగా జారి పెదవి దగ్గర ఆగింది. వగరుగా ఉంది.

గంధకనాథుడు ఉడుమును లాగడం ఆపేశాడు. మణిధరుడు పైకి చూశాడు, ఓబులమ్మ వైపు చూశాడు, చేతిలో ఉన్న కత్తి వైపు చూశాడు. అతని అరచేతుల్లో ఉలి కాయలు కనిపించాయి. మొదటి రోజు ఇదే చోట నిలబడి తాను చెప్పిన మాట, దూలం పొడిగా ఉండిపోవడం, నాగోజు నోటికి బద్దోజు బిగించిన ఒట్టు, ఆ పగలు ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు చంటిబిడ్డలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. మెల్లగా తల తిప్పి నాగోజు వైపు చూశాడు. అతనితో పాటే పద్దెనిమిది ఊళ్ల పెద్దలూ, మెట్ల మీద రాణీ తల తిప్పారు.

నాగోజు తత్తరపడ్డాడు. సభలో మొదటిసారి, తండ్రికి వేసిన ఒట్టు మరిచి, నోరు తెరిచాడు.

"నన్నేంది అందరూ అట్ల చూస్తారు? నేను బద్దోజు కొడుకుని. చిత్రిక పట్టడం రాకపోతే మాత్రం కాకుండా పోతానా?"

టప్.

రాణి రత్నాంబ సంకెళ్లు గణగణమన్నాయి. గంధకనాథుడు అందరికంటే ముందు తేరుకున్నాడు. నోట్లోంచి పసుప్పచ్చటి పొగ బుసబుస వదులుతూ, రంపం వాణ్ణి పట్టుకోండని అరిచాడు. ఆగిన ఈటెలన్నీ నాగోజు వైపు తిరిగాయి. మణిధరుడు, అదే, బద్దోజు కొడుకు, చేతకాని కత్తిని అవతల పారేసి, నడుమున ఉన్న బాడిసె తీసి, నాగోజుకు అడ్డంగా నిలబడ్డాడు. పొగలో ఇద్దరూ, వాళ్ల చుట్టూ నూట యాభై ఈటెలూ మాయమైపోయాయి.

ఏం అల్లుడుగారూ, నోరు మూయండి, ఈగలు దూరుతాయి. ఆ పొగ విడేది వచ్చేసారే. కోటంతటినీ బోల్తా కొట్టించానని మురిసిపోయినవాడు, గంజి తాగడం మొదలెట్టిన నాటి నుంచీ తానే బోల్తా పడి ఉన్నాడు. దూలం పాపం మొదటిరోజే చెప్పింది, వాడు వినలేదు. వాడి సంగతి సరే, తమరూ అక్కడే ఉన్నారుగా? పైకి చూడమని నేను అన్నది ఎందుకనుకున్నారు? కిందికి చూస్తే, రంపానికి అవతలి కొసన ఎవరున్నారో కనిపిస్తుందని.